ఫోటోలో కూర్పు: ఎక్కడ నిలబడాలి, ఏది వదలాలి

ఈ పాఠానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఫోను చాలు. కెమెరా లోపల ఏం జరుగుతుందో, అంటే కటకం, రంధ్రం, వెలుతురు పడే కాలం గురించి ఇంతకుముందు పాఠంలో చదివారు. ఈ పాఠం కెమెరా వెనక నిలబడిన మనిషి చేసే పని గురించి. చట్రంలోకి ఏది రావాలి, ఏది రాకూడదు, వచ్చినవి ఎంత పెద్దగా, ఒకదానికొకటి ఎంత దూరంలో కనబడాలి అని నిర్ణయించుకోవడాన్నే కూర్పు అంటాం. పాఠం పూర్తయ్యేసరికి మీ ఇంట్లోని ఒక పెద్దవారి ఫోటో మీరు శ్రద్ధగా తియ్యగలగాలి. చివర ఇచ్చిన అభ్యాసం అదే.

నేను భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మాది కోనసీమలో రాజోలు పక్కన తాటిపాక. అందుకని ఉదాహరణలు ఎక్కువగా మా వైపువే ఇస్తున్నాను. మీది అనంతపురమో ఆదిలాబాదో అయితే, కొబ్బరిచెట్టు అన్నచోట మీకు తెలిసిన చెట్టును ఊహించుకోండి.

సెంటీమీటరు మనిషి

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. 1979లో స్నేహితుడి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా అరువు తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో మనలాంటి ఇళ్ళకు అందుబాటులో ఉన్న కెమెరా అది. ఒక రోలుకు పన్నెండు చదరపు బొమ్మలు వచ్చేవి. పదకొండు అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. మా నాన్నగారిని ఇంటి ముందు నిలబడమన్నాను. ఇల్లు మొత్తం పడాలి, పెంకుల కప్పు పడాలి, పక్కనున్న రెండు కొబ్బరిచెట్లు మొవ్వుల దాకా పడాలి అనుకుంటూ వెనక్కి నడిచి, వీధి దాటి, కాలువ గట్టు ఎక్కాను. "ఇంకెంత దూరం పోతావురా, నేను కనబడతానా?" అని ఆయన అక్కణ్ణుంచి కేకేశారు. "అన్నీ పడతాయి నాన్నగారూ, కదలకండి" అన్నాను.

అన్నీ పడ్డాయి. మూడేళ్ళకు ఆయన పోయారు. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలంటే ఇల్లంతా వెతికినా ఆయన ఒక్కరే ఉన్న ఫోటో అదొక్కటే దొరికింది. స్టూడియోకి తీసుకువెళ్ళాను. నెగెటివ్ మీద స్కేలు పెట్టి కొలిస్తే ఆయన నిలువెత్తు ఒక సెంటీమీటరు. ముఖం ఒకటిన్నర మిల్లీమీటరుకు లోపే. పటంలో పది సెంటీమీటర్ల ముఖం కావాలంటే దాన్ని డెబ్బై రెట్లు పెంచాలి. అలా పెంచితే ముఖం రాలేదు, వెండి రేణువుల మచ్చ వచ్చింది. స్టూడియో ఆయన కళ్ళు, మీసం చేత్తో దిద్ది ఇచ్చాడు. మా అమ్మ పటం చూసి, "ఎవర్రా ఈయన?" అంది. ఇప్పటికీ ఏటా ఆ పటానికే దండ వేస్తున్నాం.

లెక్క చూడండి. నేను నిలబడింది సుమారు నలభై అడుగుల దూరంలో. పది అడుగుల దూరంలో నిలబడి ఉంటే నెగెటివ్ మీద ఆయన నాలుగు సెంటీమీటర్లు ఉండేవారు. ముఖం వైశాల్యం పదహారు రెట్లు పెరిగేది. అప్పుడు ఇల్లు పూర్తిగా పడేది కాదు. పడకపోయినా నష్టం లేదు, ఇల్లు ఇప్పటికీ ఉంది.

కొత్తగా ఫోటోలు తీసేవాళ్ళందరూ చేసే తప్పు ఇదే. ఎదురుగా కనబడిందంతా చట్రంలో ఇరికించాలని చూస్తాం. అందుకే ఫోను పైకెత్తే ముందు, "ఈ ఫోటో దేని గురించి?" అని ఒక్క వాక్యంలో అనుకోండి. 'నాన్నగారు' అనుకుంటే దగ్గరకు నడవాలి. 'నాన్నగారు కట్టించిన ఇల్లు' అనుకుంటే ఇల్లూ పడాలి, ఆయనా గుర్తుపట్టేలా ఉండాలి. దానికి మార్గం ఉంది. ఆయన్ను ఇంటి గుమ్మం దగ్గర కాకుండా మీకు పది అడుగుల దూరంలోకి రమ్మని పిలిస్తే, వెనక ఇల్లు చిన్నదిగా మొత్తం కనబడుతుంది, ముందు ఆయన పెద్దగా ఉంటారు. ఆ రోజు నేను వెనక్కి నడిచే బదులు ఆయన్ను నాతోబాటు ముందుకు నడిపించి ఉంటే సరిపోయేది.

దూరం చేసే పని

పై పరిష్కారం వెనక ఉన్న సూత్రం ఒక్కటే. ఒక వస్తువు ఎంత పెద్దగా కనబడుతుందనేది అది కెమెరాకు ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ముందున్నదానికీ వెనకున్నదానికీ మధ్య పరిమాణాల నిష్పత్తిని మార్చాలంటే మీరు కదలాలి. జూమ్ నొక్కితే రెండూ కలిసి పెరుగుతాయి, నిష్పత్తి మారదు.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి ఎగదన్ని అంటుకుంది. మా వైపు ఇప్పటికీ దాన్ని 'బ్లోఅవుట్' అనే అంటారు. 65 రోజులు మండింది. సంక్రాంతికి ఊరొచ్చిన నేను, జనాన్ని ఆపేసిన చోట నిలబడి ఒక రోలు మొత్తం తీశాను. కడిగించి చూస్తే సగం బొమ్మల్లో ఆ మంట దీపావళి నాటి చిచ్చుబుడ్డిలా ఉంది. నల్లటి ఆకాశంలో పసుప్పచ్చటి మంట తప్ప మరేమీ లేదు. దాని ఎత్తు ఎంతో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? మిగిలిన సగంలో, బావి వైపున్న కొబ్బరితోట అంచు కింద నల్లగా పడింది. కొబ్బరిచెట్టు ఎత్తు మనకు తెలుసు. ఆ చెట్లను దాటి అంతకు అంత, మళ్ళీ అంతకు అంత పైకి లేచిన మంట చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కొలబద్దగా పనికొచ్చే వస్తువు ఒకటి చట్రంలో ఉండాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఒక జాగ్రత్త కూడా ఉంది. ఆ కొలబద్ద విషయానికి దగ్గరగా ఉండాలి. నా పక్కనే ఉన్న చెట్టు ఒక బొమ్మలో అడ్డం పడింది. అందులో చెట్టే పెద్దది, మంట దాని మట్టకింద దీపంలా ఉంది.

ముఖాల విషయంలోనూ ఇదే లెక్క. ఫోనును ముఖానికి అడుగు దూరంలో పెట్టారనుకోండి. ముక్కు కొనకూ చెవికీ మధ్య అయిదంగుళాలు. ముక్కు పన్నెండు అంగుళాల దూరంలో ఉంటే చెవి పదిహేడు అంగుళాల దూరంలో ఉంటుంది. చెవితో పోలిస్తే ముక్కు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా వస్తుంది. అయిదడుగుల దూరం నుంచి తీస్తే ఆ దూరాలు అరవై, అరవై అయిదు అంగుళాలు. తేడా నూటికి ఎనిమిది పాళ్ళే. సెల్ఫీల్లో అందరి ముక్కులూ లావుగా ఉండడానికి కారణం ఇది. మనిషి ముఖం తీసేటప్పుడు అయిదారు అడుగుల దూరంలో నిలబడి, ఫోనులో రెండు రెట్ల జూమ్ పెట్టుకోండి.

మూడు భాగాల నియమం

ఫోను కెమెరా సెట్టింగుల్లో 'గ్రిడ్' అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెర మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు వస్తాయి. ముఖ్యమైన విషయాన్ని సరిగ్గా నడిమధ్యన కాకుండా ఈ గీతల మీద, లేదా అవి కలిసే నాలుగు చోట్లలో ఒకదాని దగ్గర ఉంచమని చెబుతుంది మూడు భాగాల నియమం. దీనికి ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు, 1797లో, పల్లె దృశ్యాల చిత్రణ మీద రాసిన పుస్తకంలో. ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైంది 1839లో. అంటే నియమం కెమెరా కంటే నలభై ఏళ్ళు పెద్దది.

దీన్ని శాసనంగా తీసుకోకండి. దిండి దగ్గర వశిష్ట ఒడ్డున సాయంత్రం ఆకాశం బాగుంటే, నీటి అంచును కింది గీత మీద పెట్టి ఆకాశానికి రెండు భాగాలివ్వండి. ఆకాశం వెలవెలబోతూ నీళ్ళలో నావల నీడలు బాగుంటే పై గీత మీద పెట్టండి. రెండూ బాగాలేకపోతే ఫోను జేబులో పెట్టుకోండి. పక్కకు చూసే మనిషిని తీసేటప్పుడు ఆయన చూస్తున్న వైపు ఎక్కువ ఖాళీ వదలండి. నడిచే మనిషి, సైకిలు, పడవ ఏదైనా అంతే, పోయే వైపు చోటుండాలి. గోపురం, మండువా ఇంటి గుమ్మం వంటి రెండువైపులా ఒకేలా ఉండే వాటికి మాత్రం నడిమధ్యే సరైన చోటు.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి చెబుతాను. ఫోటో వంకర లేకుండా తియ్యాలంటే చట్రంలోని నిలువు గీతలను చూసుకోమని పుస్తకాలు చెబుతాయి. కోనసీమలో ఆ సలహా పాటిస్తే కొంప మునుగుతుంది. కాలువ గట్టు మీది కొబ్బరిచెట్టు వెలుతురు కోసం నీళ్ళ మీదికి వాలి పెరుగుతుంది. దాన్ని నిటారుగా చూపించబోతే కాలువ ఒలికిపోతున్నట్టు వస్తుంది. నీటి అవతలి అంచునే నమ్మండి. నిలవ నీరు ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది. అదే గట్టు మీద నిలబడి పొడవునా చూస్తూ తీస్తే మాత్రం రెండు ఒడ్లూ దూరాన ఒక బిందువు దగ్గర కలుస్తాయి. చూసేవాడి కన్ను ఆ గీతల వెంట పరుగెత్తుతుంది. ఆ బిందువు దగ్గర ఒక వంతెనో, గొడుగు వేసుకున్న మనిషో ఉండాలి. ఏమీ లేకపోతే అంతదూరం వెళ్ళిన కన్ను వట్టి చేతులతో తిరిగొస్తుంది.

చెట్టు నీడ, మండువా వెలుతురు

"ఎండగా ఉంది, చెట్టు కిందికి రండి" అని పిలిచి ఫోటో తీస్తాం. కొబ్బరి మట్టల సందుల్లోంచి పడిన ఎండ ముఖం మీద చారలు, మచ్చలు పెడుతుంది. ఎదురుగా చూసినప్పుడు మనకది కనబడదు, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. కెమెరా సర్దుకోలేదు. ఎండకూ నీడకూ మధ్య వెలుతురు పది రెట్లకు పైగా తేడా ఉండొచ్చు. నీడకు సరిచేస్తే ఎండ పడిన చెంప తెల్లగా మాడిపోతుంది. ఎండకు సరిచేస్తే కళ్ళు గుంటల్లా నల్లబడతాయి. (ఆకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి మచ్చలు నిజానికి సూర్యుడి బింబాలు. పాక్షిక గ్రహణం రోజున చూడండి, అవన్నీ నెలవంకల్లా మారతాయి. ఇది పాఠంలో భాగం కాదు, పరీక్షలో అడగరు.)

నిండు నీడ కావాలి. మా పాత మండువా ఇళ్ళు ఇందుకోసమే కట్టారా అనిపిస్తుంది. నడుమ ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ వసారా ఉంటాయి. వసారా అంచున పీట వేసి మామ్మగారిని కూర్చోబెట్టి, ఆమె ముఖాన్ని ఆ తెరపి వైపు కొంచెం పక్కగా తిప్పండి. మెత్తటి వెలుతురు ఒక వైపునుంచి పడి, ఇంకో వైపు సన్నగా నీడ తేలుతుంది. ముడతలు, ముక్కు పుడక, కళ్ళలో మెరుపు అన్నీ నిలుస్తాయి. వెనక చీకటి గది ఉంటుంది కాబట్టి కాలెండరు, స్విచ్చు బోర్డు, వేలాడే తువ్వాలు కనబడవు. మండువా లేని డాబా ఇంట్లో తెరిచిన తలుపు పక్కన కుర్చీ వేసినా ఇదే ఫలితం వస్తుంది. ట్యూబులైటు ఆర్పెయ్యండి.

నొక్కే ముందు చట్రం నాలుగు అంచులూ ఒకసారి కంటితో చుట్టి రండి. తల వెనకనుంచి మొలిచిన కరెంటు స్తంభం, సగం తెగిన చెయ్యి, మూలన ఎవరిదో చెప్పు అప్పుడు కనబడతాయి. సాధారణంగా ఒక అడుగు పక్కకు జరిగితే పోతాయి.

గుంపు, తీర్థం

గుంపుల ఫోటోల గురించి కొద్దిగా చెప్పి ముందుకు వెళదాం. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ తీసిన విందులు, వేటల ఫోటోలు దొరికితే చూడండి. కొందరు నేల మీద, కొందరు కుర్చీల్లో, కొందరు వెనక నిలబడి ఉంటారు. తలలు ఒకే వరసలో ఉండవు, ఎత్తుపల్లాలుగా ఉంటాయి. మన పెళ్ళి ఫోటోల్లో ఇరవై మంది గోడకానుకుని హాజరు పిలుస్తున్నట్టు నిలబడతారు. నలుగురిని కూర్చోబెట్టండి చాలు.

కదిలే గుంపును తియ్యడం దీనికంటే కష్టం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏకాదశ రుద్రులు పదకొండు ఊళ్ళనుంచి ప్రభల మీద వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోస్తూ పంటచేలకు అడ్డంపడి, కౌశికలో దిగి దాటిస్తారు. ఆ రోజు వందల ఫోన్లు లేస్తాయి. వాటిలో ఎక్కువ ఫోటోలు ప్రభ పైసగాన్ని ఆకాశం మీద చూపిస్తాయి. రంగుల గుడ్డలు చుట్టిన వెదురు చట్రం ఏ పందిట్లో నిలబెట్టినా అలాగే ఉంటుంది. అది నీళ్ళలో నడుస్తోందన్నదే అక్కడి విశేషం. మొలలోతు నీళ్ళు, "అశ్శరభ" అని అరిచే నోళ్ళు, బరువుకు వంగిన మెడలు చట్రంలో లేకపోతే ఆ ఫోటో దేని గురించో ఎవరికీ తెలియదు. ఫోను నిలువుగా పట్టుకుని, అవతలి గట్టున నీటికి దగ్గరగా ముందే కూర్చోండి. కింది మూడో వంతు మనుషులకూ నీళ్ళకూ ఇవ్వండి, ప్రభ పైకి లేస్తుంది. ఎదురుగా వస్తున్నప్పుడే తియ్యాలి, వెనకనుంచి తీస్తే వీపులే వస్తాయి.

ముందే కూర్చోమనడానికి కారణముంది. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్తియే బ్రెసన్ 1932లో యేర్ అనే పట్టణంలో మెట్ల పైనుంచి ఒక ఫోటో తీశాడు. మెలి తిరిగిన మెట్లు, వాటి చువ్వలు, కింద వీధి మలుపు, అందులో మసకగా దూసుకుపోతున్న సైకిలు. మెట్లూ వీధీ ఎప్పుడూ అక్కడే ఉంటాయి, సైకిలు ఒక్క క్షణమే ఉంటుంది. కాబట్టి కదలనివాటితో చట్రం ముందు సిద్ధం చేసుకుని, కదిలేదాని కోసం కాచుకోవాలి. మీ ఊరి కాలువ వంతెన మీద ఒక ఆదివారం ఉదయం ఇది సాధన చెయ్యండి.

2020 సెప్టెంబరు మొదట్లో ఒక రాత్రి అంతర్వేది నరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. మరుసటి ఏడాదికి కొత్తది వచ్చింది. ఆ వార్త విన్న పూట నేను నా ఆల్బములు, ఫోను, పాత నెగెటివ్‌లు అన్నీ ముందేసుకున్నాను. భీష్మ ఏకాదశికి చాలాసార్లు వెళ్ళినవాణ్ణి, ఆ రథం ఫోటోలు పదకొండు దొరికాయి. పదకొండూ ఒకటే ఫోటో. ఎదురుగా, దూరంగా, రథం మొత్తం, కింద జనం నువ్వుగింజల్లా ఉన్నారు. చక్రం దగ్గరగా లేదు. కొయ్య మీది చెక్కడం లేదు. తాడు పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు. నాన్నగారి ఫోటో తర్వాత నలభై ఏళ్ళకు, ఈ పాఠంలో రాసినదంతా తెలిసి కూడా, అన్నీ పడాలని వెనక్కే నడిచానన్నమాట. కాబట్టి ఒక విషయాన్ని మూడు దూరాలనుంచి తీసే అలవాటు చేసుకోండి. పరిసరాలతో కలిపి ఒకటి, విషయం ఒక్కటే నిండుగా ఒకటి, అందులో ఒక చిన్న భాగం మరీ దగ్గరగా ఒకటి.

అడిగి తియ్యండి

లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళతో పనిలేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి గురించి మా వైపు ఒక కథ చెప్పుకుంటారు. ఆమె 1841లో పుట్టి 1909లో పోయారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే ఆమె వెళ్ళలేదట. ఫోటో అయినా పంపమంటే దానికీ ఒప్పుకోలేదట. ఫోటో లేకుండా వెళితే తన ఉద్యోగానికే ముప్పని వచ్చిన అధికారి బతిమాలితే, ఆయన కోసం ఒప్పుకున్నారట. ఉత్సవంలో కుర్చీ మీద ఆమెకు బదులు ఆ ఫోటోను ఉంచారని చెబుతారు.

ఈ కథను కూర్పు పాఠంలో ఎందుకు చెబుతున్నానంటే, ఇష్టం లేని మనిషి ముఖం ఫోటోలో బిగుసుకుపోతుంది. అప్పుడు మూడు భాగాల నియమం ఏమీ చెయ్యలేదు. దింపు తీసే మనిషి చెట్టెక్కుతున్నప్పుడు కింద నిలబడి ఫోను చాపేముందు ఒక మాట అడగండి. తీశాక చూపించండి. వద్దంటే మానెయ్యండి. ఒప్పుకుంటే, పైన ఆకాశం మీద నల్లటి నీడలా కాక, ఆయన దిగాక నడుముకి మోకు ఉండగానే చెట్టు మొదట్లో నిలబెట్టి మరొకటి తియ్యండి. అందులో ముఖం ఉంటుంది.

అభ్యాసం

మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని ఎంచుకోండి. వారంలో ఒక ఉదయం, ఎనిమిది గంటలలోపు, తలుపు పక్కనో వసారాలోనో కూర్చోబెట్టండి. ఫోను వారి కళ్ళ ఎత్తులో ఉండాలి, అంటే మీరూ కూర్చోవాలి. ముందు కొంచెంసేపు మాట్లాడండి. చిన్నప్పటి ఊరి సంగతి అడిగితే కెమెరా సంగతి మరిచిపోతారు. మూడు దూరాలనుంచి రెండేసి చొప్పున ఆరు ఫోటోలు తియ్యండి: కూర్చున్న చోటుతో కలిపి, నడుము పై భాగం, చేతులు మాత్రమే. ఆరింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు నచ్చిందో పది వాక్యాల్లో రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.

బాగా వచ్చినదాన్ని ఫోనులో వదిలెయ్యకుండా కాగితం మీద ప్రింటు వేయించండి. ప్రింటు వెనక మెత్తటి పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ రాయండి. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే అక్షరాలు ముఖం వైపు గీతలుగా తేలతాయి.